ఆవిడేం తింది?

"ఎందుకలా మొహం గంటు పెట్టుకుంటావు? చూసినవాళ్ళు నేనేదో అన్నాననుకుంటారు" అన్నాడు భర్త, కాఫీ కప్పు అందుకుంటూ.

ఆమె మొహం గంటు పెట్టుకోలేదు. నవ్వుదామనే చూసింది. పెదాలు మాట వినలేదు. రెప్పలేమో తడిసిన దుప్పట్లలా కిందికే జారుతున్నాయి. ఎదురుగా మొగుడు ఇద్దరుగా కనిపించాడు. ఒక్కడితో వేగడమే గగనంగా ఉంటే ఇంకొకడా అనుకుని, అంత నీరసంలోనూ లోపల్లోపలే నవ్వుకుంది.

ఆ నవ్వు బయటికి రాకపోవడమే రోగమని ఎవరికీ తట్టలేదు. ఆఫీసులో మేనేజరు, "రిసెప్షన్లో కూర్చునే మనిషి కునికిపాట్లు పడితే ఎలాగమ్మా?" అన్నాడు. సాయంత్రానికి మాట ముద్దముద్దగా వచ్చింది. "పని తప్పించుకోడానికి నాటకాలు" అంది అత్తగారు. నోట్లో నాలుక లేని పిల్లని మెచ్చుకుని కోడలిగా తెచ్చుకున్నదీ ఆవిడే. మర్నాడు నీళ్ళు మింగబోతే ముక్కులోంచి వచ్చేశాయి. అప్పుడు ఆసుపత్రికి తీసుకొచ్చారు. అదీ ఇంట్లో వంట కాలేదు కనక.

డాక్టరమ్మ వేలితో ఆమె రెప్పలెత్తి చూసింది. తలకి తీసిన స్కాన్‌లో ఏమీ లేదు. జ్వరం లేదు, తెలివి తప్పలేదు. నీరసం మాత్రం మొహంలోంచి మెడకీ, భుజాలకీ దిగుతోంది.

"తిండిలో పుట్టిన విషంలా ఉంది. గాలి ఆడని సీసాల్లో, డబ్బాల్లో పెరిగే బాక్టీరియా పని. ఛాతీ దాకా దిగితే ఊపిరి ఆగిపోతుంది. మందుంది, కానీ ముందు నేను నిర్ధారించుకోవాలి. ఈ మూడు రోజుల్లో ఆవిడేం తింది?"

"మేం తిన్నదే" అన్నాడు భర్త.

"మీరు చూశారా?"

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ గోడ వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళుగా అందరికీ వడ్డించిన మనిషి ఎప్పుడు తింటుందో, కూర్చుని తింటుందో నిలబడి తింటుందో చూసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఆమెకి ఏడుపొచ్చింది. కన్నీళ్ళు మాత్రం రాలేదు, నోటితో పాటు కళ్ళూ ఎండిపోయాయి.

ఆమెకి గుర్తొచ్చింది. అత్తగారు ఉడికించి, సీసాలో మూత బిగించి దాచిన చిక్కుళ్ళు. మొన్న మూత ఉబ్బి కనిపిస్తే పారేయబోయింది. "పారేయడానికి చేతులెలా వస్తాయే నీకు?" అందావిడ. మిగతావాళ్ళకి వేడిగా వండిపెట్టి, వాటిని తను పొయ్యి పక్కన నిలబడి తినేసింది. ఆ ఇంట్లో పారేయాల్సిందల్లా వెళ్ళేది ఆమె కడుపులోకే.

వేళ్ళలో ఇంకా కాస్త సత్తువుంది. డాక్టరమ్మ ఇచ్చిన పెన్ను పట్టుకుని ఆగిపోయింది. రాస్తే బతుకుతుంది. బతికితే మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికే. చివరికి వంకరటింకరగా రాసింది: సీసాలో చిక్కుళ్ళు. నేనొక్కదాన్నే.

"నిన్నెవరు తినమన్నారే?" అన్నాడు భర్త.

డాక్టరమ్మ మందు తెమ్మని నర్సుని పరిగెత్తించింది. "విషం ఇంకా దిగకుండా ఇది ఆపుతుంది. ఇప్పటికే చచ్చుపడిన కండరాలు కోలుకోడానికి నెలలు పట్టొచ్చు."

"నెలలా! ఇంట్లో పనెవరు చేస్తారండీ? కాస్త లేచి నడవగలిగితే చాలు, పంపించెయ్యండి" అన్నాడు భర్త.

ఆమె మళ్ళీ పెన్ను కోసం చెయ్యి చాపింది. ఈసారి ఆగలేదు.

నడవగలిగినా నన్ను ఆ ఇంటికి పంపకండి.