కదిలే చుక్క

సూర్యకుమారి రోజూ తెనాలిలో పాసింజరెక్కి బాపట్లలో దిగేది. ఆఫీసు గుమ్మం బయట చెప్పులు విడిచి, కంప్యూటరు గదిలోకి వెళ్లగానే ముందు బల్ల కింద బకెట్టు చూసేది. నిండి ఉంటే అటెండరు దేవదానం తీసుకెళ్లి పారబోసి వచ్చేవాడు.

తుఫాను వెళ్లి నాలుగు నెలలు. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లు పోయాయో కంప్యూటరులోకి ఎక్కించే పని ఆ గదిలోనే. వెడల్పాటి బల్ల మీద ఊరి పటం పరిచి, గాజు కన్నున్న మౌసును ఇంటి గుర్తు మీదికి జరిపి నొక్కితే తెర మీద చుక్క పడుతుంది. చుక్క పక్కన ఆ ఇంటివాళ్ల పేర్లు.

రేపల్లె అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఊరిది పదిహేడో పటం. అందులో మాత్రం తుఫాను నీళ్లు ఇంకా తియ్యలేదు. పోటు వేళకి తెర మీద పైకొచ్చేవి, బల్ల అంచు నుంచి బకెట్లోకి కారేవి. ఆటు వేళకి తగ్గేవి. ఆ పటం పని ఆటుకే పెట్టుకునేవాళ్లు. కరెంటు కోతలా అదీ ఒక ఇబ్బంది, అంతే.

ఆ పదిహేడో పటంలోని ఊరి మనిషే జ్ఞానమ్మ. పంచాయతీ గోడకి అంటించిన జాబితాలోంచి తన వరస రాయించుకుని వచ్చింది. ఇల్లు: లేదు. పిల్లలు: లేరు.

"ఇందులో తప్పేముందమ్మా?" అన్నాడు ఆఫీసరు శేషగిరిరావు. "ఇల్లుందా అని అడిగితే లేదన్నావు. పిల్లలున్నారా అంటే లేరన్నావు. నువ్వు చెప్పిందే రాశారు."

"లేదంటే, పోయిందనండి."

"కంప్యూటరుకి లేదంటే మొదట్నుంచీ లేదనే."

"ఆ ముందురోజు అడిగుంటే ఉందనే చెప్పేదాన్నండి."

శేషగిరిరావు కాగితం ఇంకోసారి చదివాడు.

"ఇల్లు రాయకపోయినా ఫరవాలేదండి," అంది జ్ఞానమ్మ. "నాకో పిల్ల ఉండేదని రాయండి. బడి రిజిస్టరు పోయింది. చర్చిలో బాప్తిస్మం పుస్తకం పోయింది. దాని పేరు ఇంకెక్కడా లేదు."

"మంగళవారం ఇవన్నీ హైదరాబాదు వెళ్లిపోతాయి. ఈలోపు పటంలో జాడ కనిపిస్తే మారుస్తాం. కనిపించకపోతే నా చేతుల్లో లేదు."

బయటికొచ్చాక దేవదానం ఆమెని ఆపాడు. "సోమవారం అమావాస్య అక్కా. పెద్ద ఆటు. మూడింటికి నీళ్లు బాగా లాగుతాయి. రా."

సోమవారం ఆమె తొలి బస్సుకే వచ్చి, మూడయ్యేదాకా వరండాలో కూర్చుంది.

"చెప్పులు అక్కడ పెట్టక్కా."

"లేవు."

"మొదట్నుంచీ లేవా, పోయాయా?"

జ్ఞానమ్మకి నవ్వు వచ్చినంత పనయ్యింది.

మూడింటికి తెర మీద నీళ్లు ఎప్పుడూ లేనంత దూరం వెళ్లాయి. బురద మెరిసింది. విరిగిన తాటి మొదళ్లు తేలాయి. తర్వాత మూడు రాళ్లు.

"అదేనమ్మా. మా పొయ్యి."

సూర్యకుమారి మౌసు జరిపి నొక్కింది. ఇల్లు: పోయింది.

పొయ్యి పక్కన ఇంకో చుక్క ఉంది. చిన్నది. ఎవరూ పెట్టింది కాదు. మూడు రాళ్ల చుట్టూ తిరుగుతోంది. సూర్యకుమారి గాజు కన్ను దాని మీదికి తెస్తే పక్కకి తప్పుకుంది. మళ్లీ తెస్తే మళ్లీ. పదిసార్లయింది.

"నిలవట్లేదండి."

"జడ వేసేటప్పుడూ అంతే," అంది జ్ఞానమ్మ. "కుదురుగా కూర్చోదు."

తెర మూల నుంచి నీళ్లు బయల్దేరాయి. తాటి మొదళ్లు ఒక్కొక్కటే మునిగాయి. శేషగిరిరావు గుమ్మంలోకి వచ్చి వాచీ చూసుకుని నిలబడ్డాడు. నీళ్లు పొయ్యి రాయిని తాకాయి.

జ్ఞానమ్మ లేచి తెర మీద అరచెయ్యి ఆనించింది, తల మీద పెట్టినట్టు.

"మార్తా, కదలకే. ఒక్క నిమిషం."

చుక్క ఆగింది. సూర్యకుమారి నొక్కింది. పేరు కొట్టింది. మార్త, ఎనిమిదేళ్లు. పోయింది.

నీళ్లు అక్కణ్నుంచి ముందుకి రాలేదు. మెల్లగా తెర మీది తడంతా ఆరిపోయింది. దేవదానం వంగి బకెట్టు చూశాడు. పొడిగా ఉంది.

"కొత్త కాలనీలో నీకూ స్థలం వస్తుందమ్మా," అన్నాడు శేషగిరిరావు. "సముద్రానికి దూరం."

"అట్టాగేనండి."

ఆమె తెర వంకే చూస్తోంది. చుక్క పెట్టిన చోటే ఉంది.

"మళ్లీ అమావాస్యకి వస్తే కదుల్తుందా అమ్మా?"

సూర్యకుమారికి 'లేదు' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"నేనే కదలకన్నాను," అంది జ్ఞానమ్మ. "ఇంతకు ముందెప్పుడూ నా మాట వినలేదు."