వదిన కారులో గాలి

కేకులావిడ కారులో ఏసీకి మాయరోగం పట్టింది. బయల్దేరినప్పుడు గాలి చక్కగా వస్తుంది. సగం దూరం వెళ్ళాక నీరసపడిపోతుంది. ఆ తర్వాత ఎవరో ఉస్సురుమన్నంత గాలి కూడా రాదు. పోనీ పూర్తిగా చెడిందా అంటే అదీ కాదు. ఎక్కడైనా కాసేపు ఆపి మళ్ళీ తీస్తే, ఏమీ ఎరగనట్టు మొదటికొచ్చేస్తుంది. మనిషి ఇలా చేస్తే నటన అంటాం, కారునేమంటాం?

వేరేవాళ్ళకైతే నాలుగు చెమట చుక్కలతో పోయేది. ఈవిడ కారులో వెళ్ళేవి క్రీము కేకులు. ఊరి అవతలి కొసన ఉన్న పెద్ద హోటలు వాళ్ళు ప్రతి శనివారం మూడంతస్తుల కేకు తీసుకుంటామన్నారు, ముందు నమూనాకి ఒకటి తెచ్చి చూపించమన్నారు. మొదటి కేకు అక్కడికి చేరేసరికి పై అంతస్తు కింది అంతస్తు మీద చతికిలబడింది. రెండోదాని క్రీము పూలన్నీ జారిపోయి ఒక పక్కన కుప్పపడ్డాయి. కారులో ఏసీ పాడైందని ఆవిడ చెప్పబోతే, ఇలాంటివి చాలా విన్నానన్నట్టు తలూపాడు హోటలు చెఫ్. మర్యాదస్తుడు కాబట్టి నవ్వలేదు.

"మీ చేతిలో పనితనం ఉందమ్మా, కాదనను. కానీ నాకు నిలబడే కేకు కావాలి. ఇంకొక్కసారి చూస్తాను. అదీ కూలితే ఆర్డరు వేరేవాళ్ళకిచ్చేస్తాను," అన్నాడు.

ఆ హోటలును నమ్ముకునే ఆవిడ బట్టలకొట్లో బిల్లింగు కౌంటరు ఉద్యోగం మానేసింది. అక్కడి మేనేజరు మొన్ననే ఫోను చేసి, "మీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందండీ," అని తేనె పూసినట్టు చెప్పాడు. ఆ కుర్చీ పేరు చెబితేనే ఆవిడకి నడుం పట్టేస్తుంది. మూడో కేకు కూడా కూలిందంటే మళ్ళీ వెళ్ళి అందులో కూర్చోవడమే.

ఇంతకీ అయినవాళ్ళలో మెకానిక్కు లేకనా? సాక్షాత్తూ సొంత మరిది, కార్ల ఏసీల పనిలో చెయ్యి తిరిగినవాడు. కాకపోతే అతనికో నియమం ఉంది. వేడి మీదున్న బండిని చచ్చినా ముట్టుకోడు. షెడ్డుకొచ్చిన ఏ బండినైనా ముందు రేకుల నీడలో నిలబెట్టి, బానెట్ ఎత్తి, తెచ్చిన మనిషికి కుర్చీ వేసి, టీ తెప్పించి, ఊళ్ళో కబుర్లన్నీ అయ్యాకే పానా పట్టుకుంటాడు. వదిన బండికీ ఆ మర్యాదలన్నీ జరిగాయి. గాలి వడపోసే ఫిల్టరు కొత్తది వేశాడు. ఫ్యాను మోటారు విప్పి చూశాడు, వైర్లు కదిపి చూశాడు, గ్యాసు సరిపడా ఉందో లేదో కొలిచాడు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. చివరికి ఫ్యాను నాలుగు మీద పెట్టి గర్వంగా నవ్వాడు.

"చూడు వదినా, నీ జుట్టంతా ఎగిరిపోతోంది. ఇంకా గాలి రాదంటావేంటి?"

"ఇప్పుడు వస్తోంది. దారిలో రాదు."

"కారుకేం కాలేదు. ఎండ కదా, పైగా టెన్షను కదా, నీకలా అనిపిస్తుంది."

"అంటే నేను అబద్ధాలాడుతున్నానా మరిదిగారూ?"

గారు తగిలించిందంటే ఆవిడకి కోపం నషాళానికంటిందని ఇంట్లో అందరికీ తెలుసు. మరిది ఇంకో టీ చెప్పాడు. ఆవిడ తాగకుండా వచ్చేసింది. అనిపిస్తుందట! మరి కేకుకి కూడా అలా అనిపించే కూలబడిందా? దారంతా ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. రెండు కేకులు పోయిన బాధ ఒక ఎత్తు, చెప్పినా ఇంటివాళ్ళే నమ్మకపోవడం ఒక ఎత్తు.

మూడో శనివారం పొద్దెక్కాక కేకు కారెక్కింది. వెనక సీటు మడిచి, తడిగుడ్డ పరిచి, దాని మీద నిలబెట్టిందావిడ. తెల్లటి మూడంతస్తులు, ఒక పక్కగా పైనుంచి కిందికి గులాబిరంగు పూలు. తర్వాత మరిది ఇంటి ముందు ఆపి హారను మోగించింది.

"ఎక్కు. నువ్వు నాతో వస్తున్నావు."

"షెడ్డులో పనుంది వదినా."

"నీ షెడ్డెక్కడికీ పోదు. ఇవాళ తేడా వస్తే నా బతుకే పోతుంది, ఎక్కు."

మరిది ఎక్కాడు. ఊళ్ళో రోడ్డు దాటేవరకూ ఏసీ బుద్ధిగా పనిచేసింది. పెద్ద రోడ్డెక్కినా పనిచేసింది. మరిది గాలొచ్చే చోట అరచెయ్యి పెట్టి చూసి, మొహమంతా నవ్వు పులుముకుని, "చల్లగా, హాయిగా ఉంది కదా," అన్నాడు. ఇంకాస్త దూరం పోయాక మళ్ళీ పెట్టాడు, మళ్ళీ నవ్వాడు. ఆవిడ పళ్ళు కొరుక్కుంటూ నడుపుతోంది. ఈ ఒక్కరోజు ఏసీ చెడిపోవాలని కోరుకోవాలో, చెడకూడదని మొక్కుకోవాలో ఆవిడకే అర్థం కాలేదు.

మూడోసారి చెయ్యి పెట్టినప్పుడు మరిది నవ్వలేదు. చెయ్యి ఇంకా దగ్గరగా పెట్టాడు. తర్వాత చెంప ఆనించాడు.

"వదినా, గాలి రావట్లేదు."

"ఓహో! నీకూ అనిపిస్తోందా?"

అతను ఫ్యాను మీట వైపు చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇదేంటి, ఫ్యాను ఒకటి మీదుంది! అందుకే గాలి లేదు!" అంటూ మీటను నాలుగు మీదికి తిప్పాడు. డాష్‌బోర్డు వెనక హోరుమంది. గాలి మాత్రం కాగితం ముక్క కదిలేంత కూడా రాలేదు. అతను గాలొచ్చే సందులో వేలు పెట్టి చూశాడు.

"ఫ్యాను పిచ్చెత్తినట్టు తిరుగుతోంది. మరి గాలేమవుతోంది?"

"అదేగా ఇన్నాళ్ళూ నేనడుగుతోంది!"

"పక్కకి ఆపు వదినా. కాస్త చల్లారనిచ్చి బానెట్ ఎత్తి చూద్దాం."

"ఆపితే బాగైపోతుంది నాయనా! నీ షెడ్డులో జరిగేది అదే. నువ్వు కబుర్లు చెప్పి టీ తాగేలోపు ఇది బాగైపోయి కూర్చుంటుంది."

మరిది చప్పున ఆవిడ వైపు తిరిగాడు. "ఏమన్నావ్? మళ్ళీ అను."

"నువ్వు టీ తాగేలోపు ఇది బాగైపోతుంది అన్నాను."

అతను మళ్ళీ ఫ్యాను మీట కేసి చూశాడు. తర్వాత, "రోజూ ఫ్యాను ఒకటి మీదే పెడతావా?" అనడిగాడు.

"ఒకటే. చల్లదనం మాత్రం చివరిదాకా తిప్పేస్తాను. గాలి గట్టిగా కొడితే పూల అంచులెండి పగుళ్ళిస్తాయి."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగావా?"

మరిది ఠపీమని నుదురు కొట్టుకున్నాడు. "ఐసు! లోపల గాలిని చల్లబరిచే కాయిలు మీద ఐసు పట్టేసింది. నీ ఫ్రీజరులో ఐసు గడ్డకట్టి డబ్బాలు ఇరుక్కుపోతాయి చూడు, అలాగ. ఆ కాయిలు రేకుల సందుల్లోంచే గాలి రావాలి, సందులన్నీ పూడిపోయాయి. నేను షెడ్డులో నిలబెట్టి టీ తాగేసరికి ఆ ఐసంతా కరిగిపోతోంది. ఇంకేం కనబడుతుంది నా మొహం!"

"అంత ఐసు ఎందుకు పట్టాలి?"

"పట్టకూడదు. పట్టేలోపు చల్లదనాన్ని ఆపడానికి కాయిలుకి సెన్సారు గుచ్చి ఉంటుంది. అది ఊడి వచ్చేసుండాలి. పోయినేడు కాయిలు కడిగినప్పుడు సరిగ్గా గుచ్చి ఉండరు."

"ఎవరు కడిగారు?"

మరిది కిటికీలోంచి బయటికి చూశాడు. "రోడ్డు చూసి నడుపు వదినా."

ఇంకో సమయంలో అయితే ఆవిడ ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాదంతా ఆడుకునేది. ఇప్పుడంత తీరిక లేదు. కారు వేడెక్కుతోంది. అద్దంలోంచి చూస్తే కేకు మీద క్రీము తళతళలాడుతోంది. ఆ తళతళ ఆవిడకి బాగా తెలుసు. దాని తర్వాత జారడమే.

"ఇప్పుడేం చెయ్యాలో చెప్పు, తొందరగా!"

"ఏసీ కట్టెయ్. ఫ్యాను మాత్రం నాలుగు మీద ఉంచు. ఆ గాలికే ఐసు కరుగుతుంది."

"నెత్తి మీద ఎండ, వెనక మూడంతస్తుల క్రీము. ఏసీ కట్టెయ్యమంటావా? మతుండే మాట్లాడుతున్నావా?"

"నా మాట నమ్ము వదినా."

"నువ్వు నమ్మావా నా మాట?"

మరిది తల వంచుకున్నాడు. "నమ్మలేదు. నమ్మి ఒక్కరోజు నీతో వచ్చుంటే ఎప్పుడో తేలిపోయేది," అన్నాడు. అతని గొంతులో వేళాకోళం లేదు.

ఆవిడ ఒక్క క్షణం బటను మీద వేలు ఆడించి, ఏసీ కట్టేసింది.

ఆ తర్వాతి కొద్దిసేపూ ఎలా గడిచిందో ఆవిడకే తెలియాలి. చెమట కళ్ళలోకి దిగింది. పైనున్న పెద్ద పువ్వు మెల్లగా పక్కకి ఒరగడం అద్దంలో కనిపించింది.

"పడిపోతోంది!"

"పడదు."

"నాకు కనిపిస్తోందిరా బాబూ, పడిపోతోంది!"

మరిది సీట్లోంచి సగం వెనక్కి వంగి, చేతికందిన అట్టముక్కతో కేకుకి విసరడం మొదలుపెట్టాడు. ఇంతలో సన్నగా గాలి తగిలింది ఆవిడ మెడకి. తడివాసనతో, చల్లగా తగిలింది. అది మెల్లమెల్లగా పెరుగుతూ ఉన్నట్టుండి బుస్సుమని వచ్చి పడింది. ప్రాణం లేచొచ్చింది ఆవిడకి. సిగ్నలు దగ్గర ఆగితే, పక్కన స్కూటరతను అద్దం మీద టకటకా కొట్టి, "అమ్మా, మీ కారు కింద నీళ్ళు ధారగా కారిపోతున్నాయి!" అన్నాడు పాపం, కంగారుగా.

"కారనివ్వండి బాబూ! బాగా కారనివ్వండి!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. స్కూటరతను ఆకుపచ్చ లైటు వెలగ్గానే వెనక్కి చూడకుండా పారిపోయాడు.

అక్కణ్ణుంచి హోటలు దాకా మరిది ఏసీ బటను మీంచి వేలు తియ్యలేదు. కాసేపు ఏసీ వేస్తాడు, ఐసు పట్టేలోపు ఆపుతాడు, మళ్ళీ వేస్తాడు. "సెన్సారు లేకపోతేనేం, నేను లేనూ!" అని మధ్యలో ఒకటి విసిరాడు. ఆవిడకి నవ్వాగలేదు.

హోటలు వంటగదిలో బల్ల మీద కేకు పెట్టారు. పైపువ్వు కాస్త తల వాల్చింది, ఒకటి రెండు రేకులు చిట్లాయి. మూడంతస్తులూ మాత్రం నిటారుగా ఉన్నాయి. చెఫ్ చుట్టూ తిరిగి చూశాడు. వంగి అంచులు చూశాడు.

"బాగుంది. కానీ అమ్మా, రెండుసార్లు కూలింది, ఒకసారి నిలిచింది. వారం వారం నిలుస్తుందని నేనెలా నమ్మను?"

మళ్ళీ ఏసీ అంటే మళ్ళీ అలాగే తలూపుతాడనుకుంది ఆవిడ.

"ఆ రెండూ కూల్చింది నేనండీ," అన్నాడు మరిది.

చెఫ్ అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "మీరెవరు?"

"ఈవిడ మరిదిని. ఏసీ మెకానిక్కుని. గాలి రావట్లేదని ఈవిడ మొదటి రోజునుంచీ మొత్తుకుంటూనే ఉంది. కాదు, నీ భ్రమ అన్నది నేను. పోయినేడు ఆ కాయిలు కడిగి సెన్సారు సరిగ్గా పెట్టనిది కూడా నేనే. కేకులో ఏ లోపం లేదండీ, మా వదిన చెప్పిందే నిజం. రేపే విప్పి బాగుచేస్తాను. అప్పటికీ తేడా వస్తే ప్రతి శనివారం పక్కన కూర్చుని ఆ బటను నేనే నొక్కుతాను."

చెఫ్ ఈసారి మర్యాద మరిచిపోయి పకపకా నవ్వాడు. "సరేనమ్మా. వచ్చే శనివారం నుంచి తెచ్చెయ్యండి," అన్నాడు.

ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు 'నువ్వు చెప్పిందే నిజం' అంటే చాలనుకుంది ఆవిడ. తీరా మరిదే ఆ మాట అన్నాక ఏం చెయ్యాలో తోచలేదు. కళ్ళనిండా నీళ్ళొచ్చేశాయి. పరాయివాళ్ళ వంటగదిలో ఈ ఏడుపేమిటని చటుక్కున తల తిప్పుకుంది. అప్పటికే మరిది కూడా అటు తిరిగి నిలబడి, చొక్కా చేతితో మొహం తుడుచుకుంటున్నాడు.