కిటికీ పక్క మంచం

మూడో మంచం మీది దుప్పటిని ఒక్క గుంజుతో లాగి, చంకలోని మూటలో కుక్కి, ఆమె నాలుగో మంచం వైపు తిరిగింది. నడుము పట్టేసి ఉంది. పట్టేయని రోజు ఎప్పుడో ఆమెకే గుర్తు లేదు కనుక దాన్ని పట్టించుకోలేదు. తలగడ గలీబు ఊడదీసి, తలగడను రెండు చేతులతో దులిపి, పరుపు మీది ఇసుకను అరచేత్తో కిందికి తుడిచింది. సముద్రం పక్క ఊరు. ఎవరు ఎంత కడుక్కుని పడుకున్నా వాళ్లతో పాటు గుప్పెడు ఇసుక కూడా పడుకుంటుంది.

ఒంటరిగా దేశాలు తిరిగే ఆడపిల్లలు దిగే బస అది. గదికి ఆరు మంచాలు, ఆరు ఇనుప అలమరాలు, అందరికీ కలిపి ఒక్క అద్దం. కాలికి బలపం కట్టుకున్న పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఒకటి రెండు రాత్రులు పడుకుంటారు, పోతారు. వాళ్లందరికీ ఆమె దుప్పట్లావిడ. పేరు అడిగినవాళ్లు లేరు, ఆమె చెప్పిందీ లేదు. పిన్నీ అని పిలిచింది మాత్రం ఒక్కతే, కిటికీ పక్క మంచం పిల్ల.

ఆ పిల్ల వచ్చిన రోజు తనకంటే బరువున్న సంచిని మెట్ల మీద ఈడుస్తూ, "దీని దుంప తెగ, రాళ్లు మోస్తున్నానా ఏంటి" అని గొణుక్కుంది. మెట్లు తుడుస్తున్న ఆమె చేయి ఆగిపోయింది. తన భాషలో ఒక తిట్టు విని ఎన్నేళ్లయిందో! గబగబా వెళ్లి సంచికి రెండో వైపు పట్టుకుని, "నిదానం తల్లీ, గోడకి కొట్టుకుంటుంది" అంది. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసింది. "అయ్యబాబోయ్, మీరు మనవాళ్లా! వదిలెయ్యండి పిన్నీ, మీరెందుకు మొయ్యడం" అంది. అంతే, ఆ క్షణం నుంచి పిన్ని అయిపోయింది. వరస కలుపుకోవడానికి మనవాళ్లకి మెట్లు ఎక్కేంత సేపు చాలు.

పిన్ని కూడా ఒకప్పుడు విమానమెక్కి వచ్చిన పడుచుపిల్లే. ఇరవై రెండేళ్ల వయసులో, ఎవరింట్లోనో పిల్లల్ని సాకడానికి వచ్చింది. వచ్చిన రోజే ఆ ఇంటావిడ ఆమె పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమె చూసిన విదేశం, వంటగది కిటికీలోంచి కనిపించే ఎదురింటి గోడ. ఆ గోడ మీద ఏ పగులు ఎటు పోతుందో ఇప్పటికీ చెప్పగలదు. అటు ఊళ్లో మాత్రం చెల్లెలు, "మా అక్కకేం, లోకమంతా చుట్టేస్తోంది" అని గొప్పలు పోయేది. ఆమె కాదనలేదు. అమ్మ పోయినప్పుడు వెళ్లలేకపోయింది. పెళ్లి వయసు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు దాటిందో ఎవరూ గమనించలేదు, ఆమెతో సహా.

ఆ ఇల్లు వదిలి ఈ బసలో చేరాక, మొదటి సెలవు రోజున ఒక పని చేసింది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డు నుంచి లోపలికి ఒక రాళ్లదారి తేలుతుంది, పొంగినప్పుడు మునిగిపోతుంది. దాని వెంట నడిచి, చివరనున్న పెద్ద బండ ఎక్కి, ఒడ్డుకి వీపు పెట్టి కూర్చుంది. ఎవరూ పిలవలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. నీ జీవితంలో సుఖమన్నది ఎప్పుడు పడ్డావని అడిగితే ఆమె చూపించగలిగింది ఆ ఒక్క పూటే. మళ్లీ వెళ్లలేదు. ఒక్కతే పోయి ఒక్కతే రావడం వయసులో ఉన్నప్పుడు వేడుకగా ఉంటుంది గాని, వయసు జారాక శిక్షలా ఉంటుంది.

సాయంత్రాలు పిన్ని వెనక మెట్ల మీద కూర్చుని గలీబులు సర్దుతుంటే, ఆ పిల్ల పక్కన చేరి కబుర్ల మూట విప్పేది. "ఒక్కదాన్నే పోతానంటే ఇంట్లో అందరూ ఏడ్చారు పిన్నీ. దొంగలన్నారు, తాగుబోతులన్నారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారన్నారు. అన్నీ చెప్పారు గానీ ఇంత బాగుంటుందని ఒక్కళ్లూ చెప్పలేదేంటి?" అనేది. ఇంకోసారి, కాళ్లు చాపుకుని ఆకాశం కేసి చూస్తూ, "నేనెక్కడున్నానో ఎవరికీ తెలియని గంట ఒకటి దొరుకుతుంది చూడండి, అబ్బ, ప్రాణం లేచొస్తుంది. ఫోను కూడా గదిలోనే పడేసి పోతా" అంది.

పిన్ని నవ్వింది. ఆ మాట తనదే, ఇన్నేళ్లూ ఎలా చెప్పాలో తెలియని తన మాట. అయినా పెద్దరికం ఊరుకోదు కదా. సందుల్లో ఎవడైనా వెంటపడితే ఏ కొట్లోకి దూరాలో, బస్సులో ఏ పక్క కూర్చోవాలో, చనువుగా మాట్లాడే మగవాడికి ఎంతవరకు జవాబివ్వాలో, అన్నీ వేళ్లు మడిచి మరీ చెప్పింది. ఆ పిల్ల బుద్ధిగా తలూపింది. మగవాళ్ల గురించి అంత చెప్పిన మనిషి నీళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. బండ సంగతి మాత్రం చెప్పింది.

"ఎల్లుండి నాకు సెలవు. ఇద్దరం పోదాం" అంది.

"ఒట్టు?"

"ఒట్టే."

నీళ్ల సంగతి ఆ రోజు దారిలో చెప్పొచ్చులే అనుకుంది. ఆ రాత్రి ఆమెకు చిన్నపిల్లలా నిద్ర పట్టలేదు. తనతో కలిసి ఎక్కడికైనా వెళ్లాలనుకున్న మనిషి ఇన్నేళ్లకి ఒకరు దొరికారు.

ఆ ఎల్లుండి రేపటికి వచ్చింది. ఈ రోజు మాత్రం ఎప్పటి పనే. అయిదో మంచం దులిపి, పిన్ని కిటికీ వైపు నడిచి, నిలబడిపోయింది.

దుప్పటి నాలుగు మడతలుగా మడిచి మంచం కాళ్ల వైపు పెట్టి ఉంది. దాని మీద తలగడ. పరుపు నున్నగా ఉంది.

ఆ బసలో దానికి ఒకటే అర్థం. గది వదిలి పోయేవాళ్లు దుప్పటి మడిచి కాళ్ల దగ్గర పెట్టి పోవాలి, ఉండేవాళ్లు నలిగినదాన్ని నలిగినట్టే వదిలెయ్యాలి. ఎవరున్నారో ఎవరు పోయారో ఎవరినీ అడగక్కర్లేదు, మంచమే చెబుతుంది. అలమరా తాళం వేసే ఉంది గాని, అదేం లెక్కలోది కాదు. పోయేవాళ్లలో సగం మంది తాళంచెవి మరిచిపోయి జేబులో వేసుకుపోతారు. నిన్నా మొన్నా పిన్ని వచ్చేసరికి ఆ పిల్ల ముసుగుతన్ని పడుకునే ఉంది. ఈ రోజు మడత.

"వెళ్లిపోయిందా?" అంది పైకే.

దారిన పోయేవాళ్లు దారినే పోతారు, నువ్వెవరివి ఆపడానికి అని తనకు తనే చెప్పుకుంది. కనీసం చెప్పి పోవచ్చుగా! ఒట్టు వేయించుకున్న మనిషి! ఒక్క మాట! అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు తలగడను గోడకేసి కొట్టింది. దుప్పటి మడత విప్పకుండానే మూటలోకి విసిరేసి, కొత్తది పరిచి, అంచులు పరుపు కిందికి తోసింది. ఆ అంచులు ఎన్నడూ అంత బిగువుగా తోయలేదు.

కింద గల్లా దగ్గర యజమానురాలు తలెత్తకుండానే అడిగింది. "కిటికీ మంచం?"

"ఖాళీ" అంది పిన్ని.

మధ్యాహ్నం రొట్టెల కొట్టుకు వెళ్లింది. ఎదురుగానే ఉన్న కొట్టు, ఎన్నేళ్లుగానో తెలిసిన మనిషి. అతను ఆమెను చూసి ముసిముసిగా నవ్వాడు. "ఏంటి, మొహం అలా మాడ్చుకున్నారు?" అన్నాడు. "ఏం లేదు" అని రొట్టె తీసుకుని తిరిగి చూడకుండా వచ్చేసింది. అతను ఏదో చెప్పబోయి, మళ్లీ నోరు మూసుకున్నాడు.

మధ్యాహ్నమంతా గాలి లేచి కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. సముద్రం హోరు మెట్ల దాకా వినిపించింది. పిన్ని కిటికీలన్నీ మూసుకుంటూ తిరిగింది. మనసులో మాత్రం ఆ పిల్లతో పోట్లాట ఆపలేదు. పోతే పో, నాకేం, నువ్వు రాకముందు నేను బతకలేదా అంది. కాసేపటికి, పోనీలే, ఏ బస్సుకి ఆలస్యమైందో అని సర్దుకుంది. మళ్లీ అలిగింది. యజమానురాలు కిటికీ మంచాన్ని కొత్తగా వచ్చిన ఇంకో అమ్మాయికి ఇచ్చింది.

పొద్దు వాలుతుండగా ఆ కొత్త అమ్మాయి కిందికి వచ్చి, తన అలమరా తెరుచుకోవడం లేదని చెప్పింది. యజమానురాలు రెండో తాళంచెవి తీసుకుని విసుక్కుంటూ మెట్లెక్కింది. వెనకాల పిన్ని.

అలమరా తెరుచుకుంది. లోపల ఆ పెద్ద సంచి, దాని మీద మడిచిన చొక్కాలు, ఒక పక్కన ఫోను. మోగకుండా పెట్టిన ఫోను వెలుగుతూ ఆరుతూ ఉంది.

పిన్నికి మొదట కలిగింది సంతోషం. వెళ్లలేదు! నాకు చెప్పకుండా వెళ్లిపోలేదు! ముఖం విప్పారింది కూడా. ఆ వెంటనే, మరి ఎక్కడుంది అన్న ప్రశ్న వచ్చి, ఆమె కిటికీ మంచం వైపు తిరిగి చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు పక్క మడవకుండా గడప దాటితే తన అమ్మ వీపు విమానం మోత మోగించేది. తనూ మడిచేది, చెల్లెలూ మడిచేది. మన ఇళ్లల్లో ఏ ఆడపిల్ల అయినా లేవగానే చేసే మొదటి పని అది. ఆ పిల్ల కూడా, పెందలాడే లేచి, అమ్మ నేర్పినట్టు పక్క మడిచి, బయటికి పోయింది. ఈ బసలోని ఇంతమందిలో ఆ మడతను సరిగ్గా అర్థం చేసుకోగలిగిన మనిషి ఒక్క పిన్నే. ఆమె కూడా ఇన్నేళ్లు ఇక్కడి మంచాలు సర్ది సర్ది, ఇక్కడి మనిషి లాగానే చదివింది.

ఆమె రొట్టెల కొట్టుకి పరిగెత్తింది. అడగకముందే అతని ముఖం పాలిపోయింది.

"ఇంకా రాలేదా? పొద్దున్నే రొట్టె కొనుక్కుని బండ వైపు పోయింది. 'ఆ పెద్దావిడకి చెప్పకండి, ఆగలేక ముందే చూసేస్తున్నానని తెలిస్తే అలుగుతుంది, రేపు తనతో మొదటిసారి చూసినట్టే వస్తాను' అంది. నేను నవ్వుకుని ఊరుకున్నాను" అన్నాడు.

ఒడ్డుకు చేరేసరికి రాళ్లదారి మీద ఇంకా నీళ్లున్నాయి. బండ నల్లగా, తడిగా, ఖాళీగా ఉంది. పడవ మనిషి ఒకడు ఇంకొకరిని వెంటబెట్టుకుని అటు వెళ్లాడు. చాలాసేపు వెతకాల్సిన పని పడలేదు. బండకి అవతలి పక్కన రాళ్ల సందులో దొరికింది. తెచ్చి ఇసుక మీద పడుకోబెట్టారు. పిన్ని ఆమె జుట్టులోని నాచు ఒక్కొక్కటే తీసింది. ఏడుపు రాలేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి, అంతే.

"మధ్యాహ్నం వచ్చి చెప్పుంటే?" అని పడవ మనిషిని అడిగింది.

అతను తాడు చుట్టుకుంటున్నాడు. ఆమె అడుగుతున్నది ఏమిటో అతనికి తెలియదు. తెలిసి ఉంటే అబద్ధం చెప్పేవాడేమో.

"మధ్యాహ్నం దాకా ఆ బండ మీదికి నీళ్లెక్కవమ్మా" అన్నాడు.

బసకి తిరిగి వచ్చేసరికి ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. యజమానురాలు దాన్ని రెండు చేతులతో పట్టుకొచ్చి పిన్నికి అందించింది. ఆమె కళ్లు కూడా ఎర్రబడి ఉన్నాయి. "మీ భాషే కదా. నువ్వే చెప్పాలి" అంది.

పిన్ని ఫోను చెవికి ఆనించింది.

"ఏమే, పొద్దుట్నుంచి చేస్తున్నా, ఎక్కడున్నావే?" అంది ఆ తల్లి.

"నేనండీ..." అంది పిన్ని. తనెవరని చెప్పాలో తెలియలేదు. "పిన్నిని."

"ఓ, మీరా! ఎప్పుడూ మీ గురించే చెబుతుందండీ. అక్కడ మీరున్నారన్న ధైర్యంతోనే మేమిద్దరం రాత్రి నిద్రపోతున్నాం. ఏది, దానికివ్వండి ఒక్కసారి."

పిన్ని మెట్టు మీద కూలబడింది. ఈ మాట చెప్పడానికి తన భాషలో ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంది. అవతల ఆ తల్లి నవ్వుతూ ఎదురు చూస్తోంది. ఆఖరికి, "అమ్మా, పక్కన ఎవరైనా ఉన్నారా? ముందు కూర్చోండి" అంది.

చెప్పింది. మడత సంగతి కూడా చెప్పింది, దాచలేదు. అవతల ఆ తల్లి ఏమన్నదో, అసలు విన్నదో లేదో పిన్నికి తెలియలేదు. ఫోనులోంచి ఒక అరుపు వచ్చింది, తరవాత ఒక మగగొంతు, తరవాత ఏమీ లేదు.

పోలీసులు వచ్చి సంచి, ఫోను, అలమరాలోని బట్టలు తీసుకుని, ఏవో సంతకాలు పెట్టించుకుని వెళ్లారు. కొత్త అమ్మాయి ఆ మంచం మీద పడుకోనని వేరే గదికి మారింది. పిన్ని మనుషుల ముఖాలు చూడలేక వెనక పెరట్లోకి నడిచింది. పొద్దుటి నుంచీ అటు వెళ్లలేదు. అలిగిన మనిషి, ఆ పిల్లతో కూర్చున్న మెట్ల వైపు పోవాలనిపించలేదు.

పెరట్లో బట్టలారేసే తీగ చివర, గోడ పక్కన, ఒక జత మేజోళ్లు వేలాడుతున్నాయి. పొద్దున బయల్దేరేముందు ఆ పిల్ల ఉతికి ఆరేసుకున్నవి. రేపటి నడకకి. పిన్ని దగ్గరికి వెళ్లి ముట్టుకుంది. ఒకదానికి బొటనవేలి దగ్గర చిరుగు, ఆ చిరుగుకి ఎవరో ఇంట్లో కూర్చుని ఓపిగ్గా వేరే రంగు దారంతో వేసిన కుట్టు. రెండూ ఎప్పుడో ఆరిపోయి ఉన్నాయి.