క్లేటన్ తోమిన మూకుడు

"మీ ఆయన గిన్నెలు ఎంత బాగా తోముతాడు తల్లీ! పెట్టిపుట్టావు!" అంది ఒడెస్సా. వెర్నా చేతిలోని బంగాళాదుంపల సలాడ్ గడ్డిపాలు కాబోయి ఆగింది.

కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్ల తల్లిదండ్రులకి మైదానం పక్కనే పెట్టిన విందు అది. సలాడ్ చేసిందీ వెర్నాయే, మోసుకొచ్చిందీ వెర్నాయే, వడ్డిస్తున్నదీ వెర్నాయే. ఆ ఊళ్లో ఆమెకి పేరంటూ లేదు. అసిస్టెంట్ కోచ్ పెళ్లాం, అంతే.

"ఎవరు, మా క్లేటనా?"

"మరింకెవరు! మా అబ్బాయిని టీములోకి అడగడానికి ఇంటికొచ్చి, తిన్నాక చొక్కా చేతులు మడిచి సింకు దగ్గర నిలబడ్డాడు. 'మీరు కూర్చోండమ్మా' అన్నాడు. మాడిన మూకుణ్ణి అద్దం చేసి పెట్టాడు! పక్క రాష్ట్రం కోచ్ కూడా వచ్చాడులే. మూతి తుడుచుకుని పోయాడు. నేను మూకుణ్ణి చూసే కొడుకుని అప్పగించాను."

వెర్నా నవ్వింది గానీ ఆ నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంట్లో క్లేటన్ కడిగింది తన మొహం ఒక్కటే. "నాకు చేతకాదే, పింగాణీ పగిలిపోతుంది" అనేవాడు. "మావాడికి చిన్నప్పట్నుంచీ వంటింటి గాలి పడదమ్మా" అని అత్తగారు వంతపాడేది. ఆ పింగాణీ అయినా ఎక్కడుంది గనక? పెళ్లికొచ్చిన పళ్లేలు ఇంతవరకూ పెట్టెలోంచి బయటికి రాలేదు. టీము ఓడితే పెద్దకోచ్‌ని పంపేస్తారు, ఆయనతోపాటు అసిస్టెంట్లంతా మూట కట్టాల్సిందే. టెక్సాస్, ఒక్లహోమా, అర్కెన్సా, ఇప్పుడు మిసిసిప్పీ. అట్టపెట్టెలకి ఎంత అలవాటైందంటే, వెర్నా టేపు పట్టుకుంటే చాలు, వాటంతటవే మూతలు మూసుకునేవి. వాళ్ల కుక్క బిస్కట్ అయితే, టీము వరసగా ఓడుతోందంటే వెళ్లి ట్రక్కు ఎక్కి కూర్చునేది. ఊరివాళ్లు పేపరు చదవడం మానేసి కుక్క ఎక్కడుందో చూసి పందాలు కాసేవాళ్లు. మ్యాచులో వెనకవరస వాడెవడో "ఆ క్లేటన్‌గాణ్ణి తన్ని తగలెయ్యండి!" అని అరిస్తే, వెర్నా వెనక్కి తిరిగి "సోమవారం దాకా ఆగు బాబూ, చొక్కాలింకా ఆరలేదు" అనేది.

కానీ ఈ ఊళ్లో ఒకటి జరిగింది. ఆడపిల్లల స్కూల్లో సాఫ్ట్‌బాల్ నేర్పేవాళ్లు లేకపోతే, ఊరికే వెళ్లి నేర్పుతూ వచ్చింది వెర్నా. బంతి వస్తే కళ్లు మూసుకునే పిల్లలు జిల్లా కప్పు గెలిచారు. నిన్న ప్రిన్సిపాల్ పిలిచి, ఇకనుంచి నువ్వే పెద్దకోచ్‌వి, జీతంతో సహా, అంది. ఆ మాట ఇంట్లో ఎప్పుడు చెబుదామా అని చూస్తోంది వెర్నా.

విందు గిన్నెలతో ఇల్లు చేరేసరికి బిస్కట్ ట్రక్కులో కూర్చుని ఉంది.

"వెర్నా, పెట్టెలు దించు!" క్లేటన్ గుమ్మంలోనే ఉన్నాడు. "ఇక్కడి పెద్దకోచ్ పని అయిపోయింది. కాన్సాస్ వాళ్లు రమ్మన్నారు. పోయిన వారం చూసొచ్చాలే, టోపీ కూడా ఇచ్చారు."

"నన్నడగవా?"

"నిన్నడిగేదేముందే? నువ్వు మా టీమేగా!"

"టీములోకి తీసుకునేవాళ్లని ఇంటికెళ్లి అడుగుతావుగా. మాడిన మూకుడు తోమి మరీ."

క్లేటన్ చెవులు కాన్సాస్ టోపీ కన్నా ఎర్రబడ్డాయి. "ఒడెస్సా చెప్పిందా?"

"బయటికెళ్లి తలుపు కొట్టు. నన్నూ అలాగే అడుగు."

వేళాకోళం అనుకుని వెళ్లి తలుపు కొట్టాడు. ఆమె సింకు చూపించింది. విందు గిన్నెలన్నీ కొండలా ఉన్నాయి. తోమాడు. ఎంత తళతళా తోమాడంటే, ఆ మెరుపుకి పక్కింటి కోడి తెల్లారిందనుకుని కూసింది. వెర్నా చూస్తూ కూర్చుంది. ఒక్క పళ్లెం పగల్లేదు. చేతకాకపోవడం కాదన్నమాట. చేతనవును, ఇన్నేళ్లుగా చేతనవును, ఎవరెవరి అమ్మల దగ్గరో.

చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు. "చూడండమ్మా, మీ అబ్బాయిని మా సొంత..." నాలుక్కరుచుకున్నాడు. "కాన్సాస్‌లో మంచి ఇల్లు చూస్తానే. ఒట్టు."

అక్కడ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లు ఏ కాలేజీకి వెళ్లేదీ నోటితో చెప్పరు. అడిగిన కాలేజీల టోపీలన్నీ బల్లమీద వరసగా పెట్టి, ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా ఒకటి తీసి నెత్తిన పెట్టుకుంటారు. క్లేటన్ అలాంటి బల్లలు వంద చూశాడు. వెర్నా అతని జేబులోంచి ఎర్రటోపీ లాగి బల్లమీద పెట్టింది. పక్కన తన సంచీలోంచి చెమట మరకల పసుపుటోపీ తీసి పెట్టింది.

"అదేంటి?"

"పిల్లల టీముది. నిన్నట్నుంచి పెద్దకోచ్‌ని."

వెర్నా చెయ్యి రెండు టోపీల మీదా ఒక్క క్షణం ఆడింది. పసుపుటోపీ తీసి నెత్తిన పెట్టుకుంది. బయట బిస్కట్ ట్రక్కు దిగి, లోపలికొచ్చి, బల్లకింద పడుకుంది.

"మరి నేను?" అన్నాడు క్లేటన్.

"కాన్సాస్ వెళ్తావో ఉంటావో నీ ఇష్టం. ఉంటే నాకో అసిస్టెంట్ కావాలి. జీతం ఉండదు, పేరూ ఉండదు. గిన్నెలు మాత్రం తోమాలి."