మొలతాడు కొస

"పేనవే పేనవే పిల్లా తాడూ,
ఏటి కవతల ఎవరున్నారూ..."

ఆ తర్వాత ముక్క బుల్లెమ్మకి గుర్తు రాదు. చిన్నప్పుడు అమ్మ పక్కన కొబ్బరి పీచు పేనుతూ పాడిన పాట. పలివెలలో ఇప్పటికీ పొద్దున్నే పీచు తడుపుకుని అరుగు మీద కూర్చుంటుంది, అక్కడిదాకా పాడి ఆపేస్తుంది.

మనవరాలు నాగదుర్గ పుట్టినప్పుడు నల్లదారంతో మొలతాడు తనే పేనింది. ఇంకో పోగు అతకాలి గనక తాళ్లు పేనేవాళ్లు కొస కత్తిరించరు. ఆ అలవాటు కొద్దీ మొలతాడు కొసా వదిలేసింది. అది పెరిగింది. కోడలు సత్యవేణి మొగుడితో పడక పిల్లని తీసుకుని అమలాపురం వెళ్లిపోతే, కాలవ గట్టు పట్టుకుని దారం కూడా వెళ్లింది. ఆటోవాళ్లు అక్కడ కాస్త నెమ్మదిగా పోతారు. "బుల్లెమ్మగారి దారమండీ, కాలు ఎత్తి వెయ్యండి" అని దిగేవాళ్లకి చెబుతారు. పిల్ల అక్కడ ఏడిస్తే ఇక్కడ బుల్లెమ్మ అరుగు మీద కొస కదులుతుంది.

సత్యవేణి నర్సు. మస్కట్‌లో ఉద్యోగం వచ్చింది, పిల్లని తీసుకెళ్తానంది. బుల్లెమ్మ కొడుకు గంగరాజు వీల్లేదని కోర్టుకెక్కేడు.

"పిల్ల గడ్డం కింద మచ్చ చూడండి. నాలుగు కుట్లు! ఇక్కడే చూసుకోలేని మనిషి పరాయి దేశంలో ఏం చూస్తుందండీ?" అన్నాడు గంగరాజు తరఫు వకీలు.

"మెట్లు దిగుతూ పడిందండీ. పక్కనే ఉన్నాను" అని సత్యవేణి తలొంచుకుంది.

జడ్జిగారు బుల్లెమ్మని పిలిచేరు. పిల్ల తండ్రి దగ్గరే ఉండాలని చెబితే చాలు, అని కొడుకు బస్సులో నాలుగుసార్లు చెప్పేడు. ఆవిడకీ అదే కావాలి.

"ఆ మచ్చ నావల్లనండీ" అంది బుల్లెమ్మ.

"మీ వల్లా?"

"ఆయ్. అట్లతద్దికి అట్లు పోసేనండీ. పిల్ల రాలేదు. వస్తుందేమోనని కొస పట్టుకుని లాగేను. అప్పుడే మెట్లు దిగుతోందంట."

"ఎంత గట్టిగా లాగేరమ్మా?"

"బెంగ ఉన్నంతండీ."

జడ్జిగారు అది రాసుకున్నారు. "మస్కట్ దాకా అందుతుందా దారం?"

"అందాలండీ."

గుమస్తా వేలిముద్రకి ఇంకు డబ్బా జరిపేడు. "సంతకం వచ్చు బాబూ" అంది. నాగదుర్గ పలక మీద నేర్పిన మూడక్షరాలూ ఒత్తులతో సహా పెట్టింది.

వేసవి సెలవులకి తీసుకురావాలన్న షరతు మీద సత్యవేణికి అనుమతి వచ్చింది. తిరుగు బస్సులో గంగరాజు అడిగేడు.

"ఎందుకే అమ్మా?"

"మచ్చ నాది కదరా."

ప్రయాణం రోజున సత్యవేణి పిల్లని పలివెల తీసుకొచ్చింది. అత్తగారి కాళ్లకి దణ్ణం పెట్టి, కారు తలుపులో దారం నలక్కుండా అద్దం సగం దించి, దాన్ని అందులోంచి బయటికి తీసింది. ఆ సందులోంచి తల బయటపెట్టి నాగదుర్గ అంది:

"మామ్మా, ముందు నేను లాగుతాను. ఆ తర్వాతే నువ్వు లాగు. మెల్లిగా."