కూర్మమ్మ ఐసుపెట్టె

కూర్మమ్మ అమ్మిన చేప కంపు కొట్టిందన్న మాట శ్రీకాకుళం బజారులో ఎవరి నోటా రాలేదు. వచ్చి ఉంటే ఆ నోరు మళ్ళీ చేప తినేది కాదు, ఆవిడ తిట్లు అలాంటివి. తెల్లారి ఒడ్డున వేలంపాటలో కొన్న చేపని మిట్టమధ్యాహ్నం అమ్మినా మొప్పలు ఎర్రగానే ఉండేవి. ఇందులో రహస్యమేమీ లేదు. ఐసు దగ్గర ఆవిడ పిసినారితనం చెయ్యదు. అడుగున ఐసు, మధ్యన చేప, పైన మళ్ళీ ఐసు, ఆ పైన గుప్పెడు కళ్ళుప్పు. "సచ్చిన సేపకి ఐసే పేణం" అనేది. మొగుడు సముద్రంలో పోయాక ఆ ఒక్క విద్యతోనే కొడుకు ధనరాజుని పెంచింది, పడవలో వాటా ఇప్పించింది, దుర్గని కోడలిగా తెచ్చుకుంది.

రెండువేల పదహారు వేసవిలో, వల దులుపుతుండగా ధనరాజు అరచేతిలో జెల్లచేప ముల్లు దిగింది. వేటకెళ్ళేవాడికి ముల్లు గుచ్చుకోవడం ఒక వార్తా? పసుపు అద్దుకుని ఊరుకున్నాడు. చెయ్యి వాచాక ఊళ్ళో ఆరెంపీ దగ్గరికెళ్ళాడు. ఆరెంపీ మంచివాడే, అదే వచ్చిన చిక్కు. అడిగినవాడికి లేదనడు. జలుబుకీ సూదే, నడుం నొప్పికీ సూదే. ఇవాళ ఒక మందు, అది పట్టలేదంటే రేపు ఇంకో మందు, కాస్త తగ్గగానే మానెయ్యడం. ఏళ్ళ తరబడి ఊరు ఊరంతా అలాగే మింగింది. ఒంట్లో పురుగులూ ఆ ఊరివే కదా, ఆ మందులు తిని తిని అవీ అలవాటు పడ్డాయి. మనకి మాత్రం బుద్ధి రాలేదు.

శ్రీకాకుళంలో ఆసుపత్రికి తెచ్చేసరికి వాపు మోచెయ్యి దాటింది. జ్వరం దిగనంటోంది.

"ఇది మొండి పురుగమ్మా," అన్నాడు డాక్టరు. "నేను పెడుతున్న మందుల్ని లెక్కచెయ్యట్లేదు. ఏ మందుకి లొంగుతుందో తెలీకుండా గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎన్నని మారుస్తాను? రక్తం కల్చర్ పరీక్షకి పంపాలి."

ఆ పరీక్ష విజయనగరంలో ఒక ల్యాబులో చేస్తారు. ల్యాబు మనిషి రోజూ సాయంత్రం వచ్చి సీసాలు పట్టుకెళ్తాడు, ఆదివారం రాడు. ఆ రోజు ఆదివారం. నర్సు ధనరాజు రక్తం తీసి, పసుపు నీళ్ళలాంటి ద్రవం ఉన్న చిన్న సీసాలోకి ఎక్కించి, కూర్మమ్మ చేతిలో పెట్టింది.

"జాగ్రత్తమ్మా, పాడవకుండా పట్టుకెళ్ళు."

ఇంకో మాట చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. పాడవకుండా అంటే ఏమిటో కూర్మమ్మకి ఒకరు చెప్పాలా? "ఒసే దుర్గా, నువ్వాడి కాడే కూకో" అని కోడలికి చెప్పి, తిన్నగా చేపల బజారుకి పోయి, తన థర్మాకోల్ పెట్టెలో ఐసు కొట్టించి, మధ్యలో ఆ సీసాని పడుకోబెట్టింది.

విజయనగరం బస్సులో కండక్టరు కసిరాడు. "చేపల పెట్టె లోపలికేంటమ్మా? కంపు!"

వేరే రోజైతే వాడి ఏడు తరాలూ బస్సు దిగేవి. "ఇందులో సేపల్లేవు నాయినా. నా కొడుకు రగతం ఉన్నాది," అంది. అతను టికెట్టు కొట్టి ముందుకెళ్ళాడు.

ల్యాబు మెట్ల దగ్గర సీసా పైకి తీసి, తడి తుడిచి, చేపవాసన వస్తోందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, అప్పుడు లోపల అనిత అనే అమ్మాయికి ఇచ్చింది. ఇచ్చిందే గానీ కదల్లేదు. పరీక్షలు చేసే ఉమాశంకర్ అటుగా వస్తే పట్టుకుంది.

"దీన్నేటి సేస్తారు బాబూ?"

ఉమాశంకర్ అడిగితే చెప్పే మనిషి. అయితే సీసాని ఒంటి వేడంత వెచ్చగా ఉంచి పురుగుని పెంచడం దగ్గర్నుంచి చెప్పలేదు. చూపించడానికి బాగుండే చోట మొదలుపెట్టాడు. మనమంతా అంతే. ఇంకో రోగి పరీక్ష తాలూకు గాజు మూతగిన్నె తెచ్చి వెలుగులో పట్టుకున్నాడు. లోపల పలచటి మీగడలా పరుచుకున్న పురుగు, దాని మీద చిన్న చిన్న కాగితం బిళ్ళలు.

"ఒక్కో బిళ్ళకి ఒక్కో మందు పట్టించి ఉంటుందమ్మా. బిళ్ళని ఆనుకుని పురుగు పెరిగిందంటే ఆ మందు దండగ. బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ వచ్చిందంటే అక్కడ పురుగు చచ్చినట్టు. ఆ మందే పెడతారు."

ఆ గిన్నెలో ఒకే ఒక్క బిళ్ళ చుట్టూ ఖాళీ ఉంది. కూర్మమ్మ దాన్నే చూసింది.

"ఈ మడిసి బతికినాడా?"

"బతికాడు."

"అయితే మా గుంటడికీ ఒక బిళ్ళ ఉంటాది," అంది.

మూడు రోజులకి కబురొచ్చింది. సీసాలో ఏమీ పెరగలేదు. పురుగే పెరక్కపోతే బిళ్ళలు దేని మీద పెడతారు? డాక్టరు తల పట్టుకున్నాడు. "ఇన్ని మందులు పడ్డాక తీసిన రక్తం, అందువల్ల కావచ్చు. దారిలో పాడై ఉండొచ్చు. మళ్ళీ తీద్దాం."

పాడైందన్న మాట ఒక్కటే కూర్మమ్మ చెవిన పడింది. విజయనగరంలో పెట్టె తెరిచినప్పుడు ఐసు సగం నీళ్ళయి ఉండడం గుర్తొచ్చింది.

"నానే సేసినానే దుర్గా! ఊరోల సేపకి ఎట్టినంత ఐసు నా కొడుకు రగతానికి ఎట్టనేకపోనాను," అని నెత్తి కొట్టుకుంది.

"ఊరుకో అత్తా, నీదేటి తప్పు?" అంది దుర్గ. ఆ పిల్లకీ ఐసు తక్కువైందనే అనిపించింది.

రెండోసారి రక్తం తీశాక, సాయంత్రం ల్యాబు మనిషి వస్తాడని నర్సు చెప్పింది. కూర్మమ్మ వినలేదు. "అందాకా ఆగుతాదేటి? ఆలకి ఐసు సంగతి ఏటి తెలుస్తాది? నానే ఎల్తాను."

బయల్దేరుతుంటే ధనరాజు కళ్ళు తెరిచాడు. "అమ్మా, సలేస్తన్నాది."

దుప్పటి మీద దుప్పటి కప్పింది. అతని రక్తానికి మాత్రం పెద్ద పెట్టె నిండా ఐసు, రెండింతల ఉప్పు వేసి, గోనె చుట్టింది.

ఈసారి ల్యాబులో ఉమాశంకరే ఎదురొచ్చాడు. కూర్మమ్మ అతని ముందే మూత తీసింది, మంచి చేప దొరికిన రోజు బేరగాళ్ళకి చూపించినట్టు. ఐసు గడ్డ గడ్డలా ఉంది. సీసా తీసుకోగానే అతని వేళ్ళు జివ్వుమన్నాయి. లోపల రక్తం ఐసులా గడ్డకట్టింది.

"మొన్న కూడా ఇలాగే తెచ్చారా?"

"మొన్న తక్కువైపోనాది బాబూ. ఈపాలి సూడు, ఒక్క సుక్క కరగనేదు."

ఉమాశంకర్‌కి ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు. పాడవకుండా పట్టుకెళ్ళమన్న నర్సు మీద, చల్లటి సీసా తీసుకుని ఊరుకున్న అనిత మీద, అన్నీ చెప్పి, సీసా చల్లబడకూడదన్న అసలు మాట చెప్పని తన మీద. మందులతో సగం చచ్చిన పురుగు చలికి పూర్తిగా చచ్చి ఉంటుంది. ఐసు లేకపోయినా మొన్న అది పెరిగేదా? ఎవరూ చెప్పలేరు. అది ఇంకా ఘోరం.

లోపలికెళ్ళి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. "ధనరాజుకి ఇంకోసారి రక్తం తియ్యండి. ఎవరి చేతికీ ఇవ్వకండి. నేనే బండి మీద వస్తాను."

అవతల నర్సు గొంతు తగ్గించింది. "ఇంకెక్కడి రక్తమండీ? ఇప్పుడే పోయాడు. వాళ్ళమ్మ మీ దగ్గరే ఉంది కదా, ఫోను కోడలి దగ్గర వదిలేసి వెళ్ళిందట. కాస్త మీరు చెప్తారా?"

అతను బయటికొచ్చాడు. చేప కన్ను చూసి అది నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పే మనిషి అతని మొహం చూసింది.

"ఏటి బాబూ, అలగున్నావు? మల్లీ పాడైపోనాదా? ఐసు సాల్నేదేటి?"

చెప్పాల్సిన మాటలు రెండున్నాయి. ఒకటి ఇప్పుడు కాకపోతే ఇంకో గంటకైనా చెప్పక తప్పదు. రెండోది చచ్చేదాకా చెప్పకూడదు.

"సరిపోయిందమ్మా," అన్నాడు. "ఐసు సరిపోయింది."

కూర్మమ్మ మొహం తేటపడింది. "అమ్మయ్య! అయితే ఆ బిళ్ళేదో తేల్చీ బాబూ. నాను ఇక్కడే కూకుంటాను. నువ్వు సెప్పీ సెప్పగానే ఉరుక్కుంటా ఎల్లిపోతాను."

పెట్టె ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఐసు ఇంకా కరగలేదు.