తెలివైన పిల్లల బండి

ఆ రోజుల్లో అమెరికాలోని మిల్వాకీలో మా చర్చి బడి ముందు వారానికి రెండుసార్లు ఒక తెల్ల బండి ఆగేది. పేదపేటలో ఉండే పిల్లలు చదువులో వెనకబడితే, వాళ్ళు ప్రైవేటు బడిలో చదువుతున్నా సరే, సర్కారు బడివాళ్ళే టీచరును పంపి నేర్పించాలని కేంద్రప్రభుత్వ చట్టం. సర్కారుకీ మతానికీ పొత్తు కూడదు కాబట్టి ఆ టీచరు చర్చి బడి గడప తొక్కకూడదని కోర్టు తీర్పు. ఇంకేం చేస్తారు? పాఠాలు వీధిలోనే, బండిలో.

రొమానా కూతురు క్రిస్టాకి మూడో తరగతికొచ్చినా చదవడం పట్టుబడలేదు. బస్సులో బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కుంటుంటే, "మెల్లగా చదవవే, అందరూ వింటున్నారు" అని తల్లి గదిమేది.

ఊరి సంగతులన్నీ డొలోరెస్ ఆంటీకే కావాలి. ఒక ఆదివారం ప్రార్థనయ్యాక, "మీ పిల్ల ఆ బండిలోకెందుకెళ్తోందే?" అని అడిగింది. రొమానాకి తల కొట్టేసినట్టయింది.

"అది తెలివైన పిల్లలకాంటీ. ఏరి మరీ తీసుకుంటారు" అనేసింది. క్రిస్టా పక్కనే ఉంది.

నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు. ఇక్కడ దెబ్బ పిల్లకు తగిలింది. ఈస్టరు ముందు శుక్రవారాల్లో చర్చి కింది హాల్లో చేపల వేపుడు విందు ఉంటుంది. ఆ వారం డొలోరెస్ ఆంటీ మైకు పట్టుకుని, "రావే తెలివైనదానా, లాటరీ బహుమతులు నువ్వే చదువు" అంటూ క్రిస్టా చేతిలో కాగితం పెట్టింది. పిల్ల పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. తల్లి లేచి వెళ్ళాలా వద్దా? రొమానా లేవలేదు. పళ్ళెంలోని బంగాళదుంప అట్టుకేసి చూస్తూ, సిగ్గుతో చచ్చిపోతూ కూర్చుంది.

మంగళవారం పొద్దున రొమానా కూతుర్ని బడి దగ్గర దింపేసరికి బండి వచ్చి ఉంది. క్రిస్టా కదల్లేదు.

"పదవే, టీచరు చూస్తోంది."

"నేనెక్కను. అది తెలివైనవాళ్ళకన్నావుగా. నాకు చదవడం రాదుగా."

అవతల డొలోరెస్ ఆంటీ మనవణ్ణి దింపుతోంది. "ఆంటీ! నేను అబద్ధం చెప్పాను" అని రొమానా గొంతెత్తింది. "మా పిల్లకి చదవడం రాదు. రానివాళ్ళకి నేర్పడానికే ఆ బండి. మాకు హక్కుంది, పంపుతున్నాం!"

వీధిలోని తల్లులంతా తిరిగి చూశారు. క్రిస్టా మొహం కందిపోయింది. తల్లి కోటు అంచు పట్టి లాగింది.

"మెల్లగా చెప్పమ్మా, అందరూ వింటున్నారు" అని, తలొంచుకుని బండెక్కింది.